అరుదైన మృత్తికలు నిజంగా అరుదైనవేనా? వాటితో పనేమిటి?

ఆవర్తన పట్టికలో లాంథనం నుంచి లుటీషియం వరకు వరుసగా ఉండే 15 మూలకాలకు, అంటే లాంథనైడ్లకు, స్కాండియం, యిట్రియం కలిపి మొత్తం 17 మూలకాలను అరుదైన మృత్తికలు, అంటే రేర్ ఎర్త్స్ అంటారు. పేరు కొంత తప్పుదోవ పట్టించేదే. భూపటలంలో సీరియం దాదాపు రాగి ఉన్నంత ఉంది. అసలు చిక్కంతా వేరుచేయడంలోనే: ఖనిజంలో ఇవి కలిసే దొరుకుతాయి, వాటి అయాన్ల పరిమాణమూ రసాయన స్వభావమూ ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఒక్కొక్కదాన్ని విడదీయడానికి ద్రావణి నిష్కర్షణను, అంటే ఒకదానితో ఒకటి కలవని రెండు ద్రవాల మధ్య పంచి వేరుచేసే పద్ధతిని, వందల దశల్లో జరపవలసి వస్తుంది.

ఉపయోగాల్లో, నా దృష్టిలో, అయస్కాంతాలదే అగ్రస్థానం. నియోడిమియం, ఇనుము, బోరాన్‌లతో 1980లలో రూపొందిన అయస్కాంతం చిన్న పరిమాణంలోనే ఎంతో బలం చూపుతుంది కనుక, ఇయర్‌ఫోన్‌లోని బుల్లి స్పీకరు మొదలుకొని విద్యుత్ కారు మోటారు వరకు అదే కనిపిస్తుంది. మోటారు వేడెక్కినా ఆ శక్తి సడలకుండా కొద్దిగా డిస్ప్రోసియం కలుపుతారు. పాత రంగుల టీవీ తెర మీది ఎరుపు మాత్రం యూరోపియం చలవే.