అమెరికాలో నల్లజాతి కుటుంబాలు పేదరికంలోంచి ఎందుకు బయటపడలేకపోతున్నాయి?

"పని దొరికే దేశంలో పేదరికమేంటి, బద్ధకం కాకపోతే?" అని ఒకరు అడిగారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో నాలుగేళ్లు ఉద్యోగం చేయకముందు నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

అక్కడ ఇల్లు చూడ్డానికి వెళ్తే ఓనరు నా ముందే కంప్యూటర్లో నా పేరు కొట్టాడు. విస్కాన్సిన్‌లో కోర్టు కేసులు ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. నా పేరు మీద ఏమీ రాలేదు, తాళాలిచ్చేశాడు. మా ఆఫీసులో రాత్రిళ్లు శుభ్రం చేసే ఆవిడ నల్లజాతి మనిషి, ముగ్గురు పిల్లలు. అద్దె బాకీపడి ఇల్లు ఖాళీ చేయించిన పాత కేసొకటి ఆ సైట్లో ఆవిడ పేరు మీద ఉందట. ఎక్కడ అడిగినా ఇల్లు లేదనేస్తున్నారట. సామాను అద్దె గోదాములో పడుంది, దానికీ నెలనెలా కట్టాలి.

మాథ్యూ డెస్మండ్ పరిశోధన ఆ తర్వాతే చదివాను. ఈ సోషియాలజిస్టు 2008-09లో అదే మిల్వాకీలో, ముందు తెల్లవాళ్లు ఎక్కువగా ఉండే ట్రైలర్ పార్కులో (తరలించగలిగే చవక ఇళ్ల కాలనీ), తర్వాత నల్లవాళ్ల పేటలో అద్దెకుండి ఇలాంటి కుటుంబాల వెంట తిరిగాడు. 2016లో 'ఎవిక్టెడ్' పుస్తకంగా వచ్చింది. అందులో ఒక తల్లికి నెలకొచ్చే ప్రభుత్వ సాయం 628 డాలర్లు, అద్దె 550. తిండి సరుకులకి సర్కారిచ్చే ఫుడ్ స్టాంపులున్నా, మిగతా ఖర్చులన్నీ ఆ 78లోనే సరిపెట్టాలి.

పేదరికం వల్ల ఇల్లు పోతుందనుకుంటాం కదా. ఇల్లు పోయాకే పేదరికం ముదురుతుందంటాడాయన: పనికి నాగాలు, ఆనక పనే పోవడం, పిల్లలకి బడి మారడం. మిల్వాకీ జనాభాలో నల్లజాతి పేటల స్త్రీలు 9 శాతం, ఖాళీ చేయించిన వాళ్లలో 30 శాతం. ఆ పేటల మగవాళ్లు చాలామంది జైళ్లపాలైతే అద్దె కాగితం మీద ఉండేది ఆడవాళ్ల పేరే మరి. పిల్లలుంటే గండం ఇంకా ఎక్కువ. పిల్లలున్నారని ఇల్లివ్వకపోవడం 1988 నుంచీ చట్టవిరుద్ధమే, అయినా అంతే. హైదరాబాద్‌లో టు-లెట్ బోర్డు మీద 'ఫ్యామిలీస్ ఓన్లీ' అని చూసినవాణ్ణి, ఫ్యామిలీయే అడ్డయ్యే చోటు ఉంటుందని ఊహించలేదు.

పేదలందరికీ అద్దె వోచర్లు (అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే ఏర్పాటు) ఇవ్వాలని డెస్మండ్ అంటాడు. మంచిదే, కానీ వోచరు చేతిలో ఉన్నా ఓనరు ముందు ఆ సైటే తెరుస్తాడేమోనని నా అనుమానం.

మా ఆఫీసు ఆవిడ తన చెల్లెలింటి హాల్లో సర్దుకుంది. ఆఫీసుకి ఒక బస్సు కాస్తా మూడు బస్సులైంది. చలికాలం పూర్తికాకముందే ఆ చీపురు ఇంకొకరి చేతిలో చూశాను.