పులిపిరికి సున్నం-సోడా పెట్టారా? ముందు ఆ పుండు సంగతి చూడండి

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లండి. మూణ్ణెల్ల నుంచి కుడిచేతి వేళ్ల మీద ఆరు పులిపిరికాయలు, ఎడమ కంటిరెప్ప అంచున ఒకటి ఉన్నాయి. చెరువుకు చల్లే సున్నంలో బట్టల సోడా కలిపి మా అత్తయ్యగారు చూపుడువేలి మీది పెద్దదానికి పెట్టారు. అది పుండు పడింది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు పది రోజులుగా అన్నిటికీ రాస్తున్నాం. లేజర్ చేయిస్తే మచ్చ పడుతుందా? ఎంతవుతుంది?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: లేజర్ మాట తర్వాత. పుండు ఎన్నాళ్లదో, వేలు వాచిందో లేదో మీరు రాయలేదమ్మా. నాకు కావలసింది అదే. వేలు మడవలేకపోతున్నా, ఎరుపు అరచేతి వైపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం ఉన్నా ఈ రోజే డాక్టరుకు చూపించండి. పిల్లల వేళ్లలో చర్మం కిందే కీలు, నరాలు ఉంటాయి. అవేమీ లేకపోతే రోజుకోసారి సబ్బునీళ్లతో కడిగి, పెట్రోలియం జెల్లీ పలచగా రాసి, శుభ్రమైన గాజుగుడ్డ కట్టండి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు. పుండుతో ధనుర్వాతం భయం ఉంటుంది కాబట్టి, ఏడాదిన్నరప్పుడు వేసే డీపీటీ బూస్టర్ పడిందో లేదో టీకాల కార్డులో చూసుకోండి.

సున్నం, బట్టల సోడా తడిలో కలిస్తే తయారయ్యేది కాస్టిక్ సోడా అనే ఘాటైన క్షారం. ఆమ్లం పడితే చర్మం గట్టిపడి చాలావరకు పైనే ఆగుతుంది. క్షారం అలాకాదు, కొవ్వును సబ్బులా మార్చుకుంటూ లోపలికి దిగుతుంది. మొదట మంట పెద్దగా తెలియదు కాబట్టి 'బాబు ఏడవలేదు, పరవాలేదు' అనుకుంటారు. పైగా చెరువు సున్నం తాంబూలం సున్నం లాంటిది కాదు. అది పొడిసున్నం, అంటే నీళ్లు తగలని కాల్చిన సున్నం అయితే, తడి తగలగానే వేడెక్కుతుంది. అదే చేత్తో పిల్లాడు కన్ను నలిపితే? రెప్ప మీదున్నదానికి మాత్రం పెట్టలేదు, అంతవరకు నయం. ఎప్పుడైనా కంట్లో పడితే పలుకులు తీసేసి, ధారగా మంచినీళ్లతో కనీసం అరగంట కడిగి, నేరుగా కంటి ఆస్పత్రికి వెళ్లండి. విరుగుడని నిమ్మరసం పిండొద్దు. పులిపిరికి జీడి రసం, జిల్లేడు పాలు పెట్టడం, గుర్రపు వెంట్రుక కట్టడం కూడా ఇలా హాని చేసేవే.

ఇక ఆ ట్యూబు. దాని మీద క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ లాంటి పేరేదైనా ఉంటే ఇవాళే ఆపండి. ఇవి స్టెరాయిడ్లు. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది, దాన్ని తరిమేది పిల్లాడి రోగనిరోధక శక్తే. స్టెరాయిడ్ ఆ శక్తిని అక్కడికక్కడే అణుస్తుంది. ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, కాయలు మాత్రం పెరుగుతాయి. రెప్ప మీద రాయడం మరీ ప్రమాదం, కంటి ఒత్తిడి పెరగొచ్చు. షాపాయన ఇచ్చాడని రాసేయడమేనా తల్లీ?

రెప్ప అంచున ఉన్నది అసలు పులిపిరేనా అని నా అనుమానం. పులిపిరి పైభాగం పనసతొక్కలా గరుకుగా ఉంటుంది, లోపల సన్నని నల్ల చుక్కలు కనిపిస్తాయి. అవి వేర్లు కావు, గడ్డకట్టిన రక్తనాళాల కొసలు. ఉడికిన సగ్గుబియ్యం గింజలా నున్నగా, నడిమధ్య చిన్న సొట్టతో ఉంటే అది మొలస్కమ్, వేరే వైరస్. రెప్ప అంచున ఉంటే కన్ను తరచూ ఎర్రబడుతుంది. గిల్లొద్దు, ఏ మందూ రాయొద్దు, కంటి డాక్టరుకు చూపించండి.

వేళ్లమీదివి పులిపిర్లే అయితే పిల్లల్లో చాలావరకు ఒకటి రెండేళ్లలో వాటంతటవే రాలిపోతాయి. ఇవి చర్మం పైపొరలోనే ఉంటాయి, వాటంతటవే పోతే మచ్చ పడదు. మచ్చ మనం కాల్చినందుకు పడుతుంది. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. లేజర్‌కైనా, కరెంటు సూదికైనా ఈ వయసులో మత్తు ఇంజెక్షన్ కావాలి, తీసినచోటే మళ్లీ మొలవడమూ మామూలే. గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ నొప్పిని నాలుగేళ్లవాడు ఓర్చుకోలేడు.

ఆగలేమనుకుంటే, డాక్టరు చూసి సరేనన్నాక, 17 శాతం దగ్గర సాలిసిలిక్ ఆమ్లం, లాక్టిక్ ఆమ్లం కలిసిన పెయింట్ వాడొచ్చు. పుండు పూర్తిగా మానిన తర్వాతే, వేళ్లకు మాత్రమే. రాత్రి వేలిని గోరువెచ్చని నీళ్లలో ఐదు పది నిమిషాలు నానబెట్టి తుడవండి. చుట్టూ ఉన్న మంచి చర్మానికి పెట్రోలియం జెల్లీ రాయండి. కొబ్బరి ఈనెపుల్ల కొసతో ఒక్క చుక్క పులిపిరి మీదే పెట్టి, ఆరాక ప్లాస్టర్ వేయండి. మీవాడు వేలు నోట్లో పెట్టుకుంటాడేమో, నిద్రపోయాక రాయడం మేలు. వారానికి ఒకట్రెండుసార్లు తెల్లబడ్డ పొరను గోళ్లు అరగదీసే ఆకురాయితో మెల్లగా రుద్దండి, రక్తం రాకూడదు. ఆ ఆకురాయి ఇంకెవరూ వాడకూడదు. మండితే రెండు మూడు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టండి. సీసా మూత బిగించి పొయ్యికి, దీపానికి దూరంగా ఉంచండి, త్వరగా అంటుకుంటుంది. పన్నెండు వారాలు పడుతుంది. మూడో వారంలో 'పనిచేయలేదు' అని మానేసేవాళ్లే ఎక్కువ.

గోళ్లు కొరికే అలవాటుంటే మాన్పించండి, గోరు చుట్టూ పాకేది అందుకే. తువ్వాలు వేరుగా పెట్టండి. బడి మాన్పించక్కర్లేదు. కాయలు జననాంగం దగ్గరో, మలద్వారం దగ్గరో కనిపిస్తే ఇంట్లో వైద్యం వద్దు, పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే.

ఇదంతా చూడకుండా రాసిన మాట. కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వాసుపత్రి) చర్మవ్యాధుల ఓపీకో, దగ్గర్లోని చర్మ డాక్టరు దగ్గరికో ఈ వారంలోనే వెళ్లండి. టీకాల కార్డుతో పాటు ఆ ట్యూబూ తీసుకెళ్లండి. ఖాళీ అయినా పారేయొద్దు, మీద పేరు చదవాలి.