పోలండ్ పల్లెసీమలో ఏం చూడవచ్చు?

ప్రశ్న: మా అబ్బాయి వార్సాలో చదువుతున్నాడు. మే నెలలో నేనూ మావారూ వెళ్తున్నాం. నగరాలు కాకుండా పల్లెప్రాంతాల్లో చూడదగినవి తెలపగలరా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఈశాన్య సరిహద్దులోని పొద్లాషె సీమకు తప్పక వెళ్లండి. అక్కడి బియావోవియెజా అడవిని 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1919లో ఆ అడవిలో పూర్తిగా అంతరించిన ఐరోపా అడవిదున్నలను, జంతుశాలల్లో మిగిలినవాటి సంతతిని పెంచి, 1952లో మళ్లీ స్వేచ్ఛగా వదిలారు. కట్టుదిట్టమైన రక్షణ ఉన్న భాగంలోకి గైడు వెంట ఉంటేనే అనుమతిస్తారు. కూలిన మాను కూలినచోటే నాచు పట్టి, పుట్టగొడుగులు మొలిచి, మెల్లగా మట్టిలో కలిసిపోతుండగా మీరు దగ్గరగా చూడవచ్చు. శేషాచలం అడవిని ఎరిగిన మీకు ఆ దృశ్యం మరింతగా నచ్చుతుందని నా నమ్మకం.

గ్రబార్కా గుట్టను మాత్రం వదులుకోవద్దు. ఆర్థడాక్స్ క్రైస్తవులు మొక్కుకుని, శిలువలు మోసుకుంటూ కాలినడకన వచ్చి, చర్చి చుట్టూ వాటిని నాటుతారు. అలిపిరి మెట్లెక్కిన వారికి ఆ భక్తిని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. పెద్ద ఉత్సవం ఆగస్టు 19న జరిగినా, వేలాది శిలువలు ఏడాది పొడవునా కనిపిస్తాయి.

రాజు మూడవ యాన్ సోబియెస్కీ 1679లో ముస్లింలైన తాతారు జాతివారికి భూములిచ్చిన క్రుషినియానీ గ్రామంలో పాత చెక్క మసీదు, టికోచిన్‌లో 1642 నాటి యూదుల ప్రార్థనాలయం ఉన్నాయి. పల్లెలకు బస్సులు తక్కువ కాబట్టి కారు మాట్లాడుకోవడం మేలు.