మల్లెపూల టీ గురించి మేనకోడలికి ఉత్తరం

అమలాపురం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ మేడమీద కుండీలలో మల్లెలు విరగబూశాయని, వాటిని రెండు రోజులు ఎండలో పెట్టి టీ కాచుకుంటే ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ళలా ఉందని, ఇందులో ఏదైనా కిటుకు ఉంటే చెప్పమని అడిగావు. కిటుకు ఏమీ లేదు గాని, నీవు మొదలుపెట్టిన చోటనే చిన్న పొరపాటు ఉంది. మల్లె పరిమళం పువ్వు ఎండిన తరువాత కూడా దానిని అంటిపెట్టుకుని ఉండేది కాదు. మొగ్గ విచ్చుకునే ఆ కొద్ది గంటలలోనే అది పుట్టి గాలిలో కలిసిపోతుంది. రాత్రి గుబాళించిన దండ తెల్లవారేసరికి జడలో ఎలా ఉంటుందో నీకు తెలియనిది కాదు. కాబట్టి ఎండిన పువ్వును వేడినీటిలో వేసి వాసన రాబట్టడం కంటే, తాజా పువ్వు రాత్రంతా విడిచే వాసనను పొడి టీ ఆకుకు పట్టించి, ఆ ఆకును దాచుకోవడమే సరైన పద్ధతి.

టీ ఆకుకు వాసనలను పీల్చుకునే గుణం ఎంత ఉందో నాకు ఇంగువ నేర్పింది. ఒకసారి మూత సరిగా పడని టీ డబ్బాను ఇంగువ సీసా పక్కన పెట్టాను. నెల తిరిగేసరికి ఇంటికి వచ్చినవాళ్ళందరూ టీ పులిహోర వాసన వస్తోందన్నారు. ఈ గుణాన్నే చైనావారు తమకు అనువుగా మలచుకున్నారు. ఫుజియాన్ రాష్ట్రంలోని ఫుజౌ నగరం మల్లె టీకి పేరుపొందినది. అక్కడి మల్లెతోటలు, టీ తోటలు కలిసిన సాగు విధానాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మల్లెను వారు మోలి అంటారు. ఆ మాట మన మల్లిక నుంచి వెళ్ళినదే. మొక్కా మనవైపు నుంచి వెళ్ళిందే, పేరూ మనవైపు నుంచి వెళ్ళిందే; పువ్వును టీలో కలపడం మాత్రం మనకు తోచలేదు. పాలు పోసి, చక్కెర దండిగా వేసి మరగకాచే మన టీలో ఏ పువ్వు వాసనైనా బతికి బట్టకడుతుందనుకోను.

ముందు పువ్వు సంగతి చెబుతాను. నీ కుండీలో ఉన్నది గుండుమల్లె అయితే అంతకంటే కావలసింది లేదు. పూల బజారులో కొన్న మల్లెలను మాత్రం త్రాగే పనికి వాడవద్దు. కడియపులంక పూల మార్కెట్టు మీకు దగ్గరే, పూలూ కనులపండువుగా ఉంటాయి. కానీ మొగ్గను తొలిచే పురుగు పడకుండా రైతులు తోటలకు మందు కొడతారు. జడలో పెట్టుకోవడానికీ దేవుడికీ పనికొచ్చే పువ్వు నోటికి పనికొస్తుందని లేదు. కడియం నర్సరీ నుంచి ఈమధ్యనే తెచ్చిన మొక్క ఉంటే దాని తొలి పూతను కూడా విడిచిపెట్టు. మరొక మాట: నందివర్ధనం తెల్లగా ఉన్నంత మాత్రాన, నైట్‌క్వీన్ రాత్రి గుప్పుమన్నంత మాత్రాన అవి మల్లెలు కావు. ఆ రెండూ విషపూరితమైనవే. ఇంట్లో పిల్లలు పూలు కోసి తెచ్చి ఇచ్చినప్పుడు ఒక్కొక్కటీ చూసి మరీ తీసుకో.

మొక్కను ఉదయమే నీటితో తడిపి దుమ్ము వదలగొట్టు, ఎందుకంటే కోసిన తరువాత మొగ్గలను కడగకూడదు. సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో, ఆ రాత్రికి విచ్చుకోబోయే మొగ్గలను, అంటే బాగా ఉబ్బి పాలలా తెల్లబడినవాటిని మాత్రమే కోయి. పచ్చదనం పోని చిన్న మొగ్గ రాత్రికి విచ్చుకోదు. నిన్న విచ్చిన పువ్వులో వాసన మిగిలి ఉండదు. కాడలు గిల్లివేసి, పల్చటి బట్టమీద పరచి, చీమలు, చిన్న పురుగులు వెళ్ళిపోయేదాకా కాసేపు వదిలిపెట్టు.

టీ విషయంలో మనం రోజూ వాడే డస్టు పొడి పనికిరాదు, దాని ఘాటు మల్లెను మింగివేస్తుంది. నీలగిరి నుంచో అస్సాం నుంచో వచ్చిన, ఆకు ఆకుగా కనబడే గ్రీన్ టీ కొను. అందులో నిమ్మ, తులసి వంటివి ముందే కలిపి ఉండకూడదు. మొదటిసారి 25 గ్రాములకు మించి పెట్టుకోవద్దు. దానికి సమానమైన బరువు మొగ్గలు, అంటే ఇంచుమించు 100 మొగ్గలు కావాలి. రాత్రి ఎనిమిది గంటలకు మొగ్గలు పెదవి విప్పుతుండగా, వెడల్పాటి స్టీలు గిన్నెలో ఒక వరుస టీ ఆకు, ఒక వరుస పువ్వులు, మళ్ళీ ఒక వరుస ఆకు వచ్చేలా పరచి, పైన ఆకే ఉండేలా చూసి, పల్చటి బట్ట కప్పు. బిగుతు మూత పెట్టవద్దు. పువ్వు అప్పటికింకా ప్రాణంతోనే ఉంటుంది, ఊపిరాడకపోతే మగ్గిపోతుంది. పెద్ద రాశులుగా పోసేచోట పువ్వుల వేడికే రాశి వెచ్చబడుతుందని అర్ధరాత్రి లేచి దానిని విప్పి ఆరబెడతారు. నీ గిన్నెకు అంత పని ఉండదు గాని, పడుకునే ముందు ఒకసారి చేత్తో మెల్లగా కలిపితే వాసన అన్ని ఆకులకూ సమానంగా అందుతుంది.

తెల్లవారగానే పువ్వులన్నీ ఏరివేయి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఆకు రాత్రంతా వాసనతోపాటు పువ్వులోని తేమను కూడా పీల్చుకుని మెత్తబడి ఉంటుంది, ఆ తేమతోనే డబ్బాలో పోస్తే వారం తిరిగేసరికి ముక్కవాసన వస్తుంది. నాకు రెండుసార్లు అలాగే పోయింది. మన లంక గ్రామాల గాలి సంగతి నీకు తెలుసు కదా, పొద్దున్నే అప్పడం బయట పెడితే మధ్యాహ్నానికి సాగుతుంది. అందుచేత మందపాటి మూకుడును వేడిచేసి, పొయ్యిమీద నుంచి దించి, చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడికి వచ్చాక అందులో కాగితం పరచి, ఆకు పోసి కదుపుతూ ఉండు. చల్లారితే మళ్ళీ వెచ్చబెట్టు. ఎండలో మాత్రం పెట్టవద్దు, పట్టిన వాసన అంతా ఎండ తినేస్తుంది. ఎప్పుడు ఆపాలో తెలియడానికి వంటింటి కాటా ఉంటే చాలు: పువ్వులు కలపక ముందు 25 గ్రాములున్న ఆకు మళ్ళీ ఆ బరువుకు దగ్గరగా వచ్చి, వేళ్ళమధ్య నలిపితే పెళుసుగా విరిగితే తేమ పోయినట్లు. అదే ఆకుకు ఆ సాయంత్రం మళ్ళీ కొత్త మొగ్గలు కలుపు. ఒక రాత్రితో వాసన ముక్కుకు మాత్రమే తెలుస్తుంది, నాలుకకు చేరాలంటే మూడు రాత్రులు కావాలి. శ్రావణమాసపు ముసురులో ఈ పని పెట్టుకోవద్దు.

ఎండు పువ్వులే కావాలనుకుంటే, విచ్చీ విచ్చని పువ్వులను గదిలో ఫ్యాను కింద నీడన ఆరబెట్టి, గలగలలాడాక సీసాలో పోసుకో. అవి గోధుమరంగుకు తిరుగుతాయి, భయపడవద్దు. గ్లాసుకు ఐదారు పువ్వులు వేసి, వేడినీరు పోసి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచితే లేత కషాయం వస్తుంది. టీ ఆకు లేదు కనుక రాత్రిపూట త్రాగినా నిద్ర చెడదు.

కాచేటప్పుడు నీరు ముఖ్యం. మల్లెల కాలంలోనే కాలువలు కట్టేస్తారు కాబట్టి ఆ రోజులలో బోరునీరు వాడే ఇళ్ళలో, ముఖ్యంగా సముద్రం వైపు ఊళ్ళలో, టీ ఉప్పగా చప్పగా తయారవుతుంది. త్రాగే మంచినీటితోనే చేయి. మరిగే నీటిని సూటిగా పోస్తే గ్రీన్ టీ చేదెక్కుతుంది, దానికి 80 డిగ్రీల వేడి చాలు. థర్మామీటరు అక్కరలేదు: గ్లాసులో ముందు ఒక వంతు కాచి చల్లార్చిన కూజా నీరు పోసి, దానిమీద మూడు వంతులు సలసల మరిగే నీరు పోస్తే లెక్క సరిపోతుంది. 200 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు వేసి, మూతపెట్టి, మూడు నిమిషాలకు వడకట్టు. పాలు వద్దు. తేనె కూడా దాని వాసన అది తెస్తుంది కనుక నేను వేయను. అదే ఆకుతో మరొకసారి కాచుకోవచ్చు, రెండోసారి మరో నిమిషం ఎక్కువ ఉంచు.

మీ తోడికోడలు పసిబిడ్డ తల్లి కదా, ఆమెకు డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు. పాలు తగ్గడానికి మల్లెపూలు రొమ్ముకు కట్టడం మన పెద్దవాళ్ళు చేసేదే; త్రాగితే ఏమవుతుందో మనం ప్రయోగం చేయనక్కరలేదు.

ఆదివారం మీ మామయ్య రాజమండ్రి వస్తూ రెండు చిన్న స్టీలు డబ్బాలు తెస్తారు. దారం చుట్టినది ఒక రాత్రి పువ్వులు పట్టించినది, దారం లేనిది మూడు రాత్రులది. రెండింటినీ ఒకే నీటితో పక్కపక్క గ్లాసులలో కాచి త్రాగు, నీ మొగ్గలతో ఎన్ని రాత్రులు పెట్టాలో నీకే తెలుస్తుంది. డబ్బాలు ఖాళీ అయ్యాక సబ్బుతో తోమకుండా, ఉత్త వేడినీటితో కడిగి ఆరబెట్టి పంపు.

ఇట్లు,
మీ అత్తయ్య