రెండు రూపాయల వడ్డీకి తెచ్చి భాగం దావా వేస్తారా?

ప్రశ్న: మాది కాకినాడ. మావారిది ప్రైవేటు ఉద్యోగం, ఇంటి ఖర్చు నెలకు 32 వేలు. ముమ్మిడివరం దగ్గర మా నాన్నగారు సొంత సంపాదనతో కొన్న ఎకరా 80 సెంట్ల వరి పొలం ఉంది. వీలునామా రాయకుండానే 2021లో పోయారు. అమ్మ అన్నయ్య దగ్గర ఉంటుంది. కౌలు ఏడాదికి ఎకరాకు పాతిక బస్తాలు వస్తుంది, అంతా అన్నయ్యే తీసుకుంటున్నాడు. భాగం అడిగితే ‘పెళ్లిలో నీకు ముట్టిందిగా’ అంటున్నాడు. కోర్టుకు వెళ్దామనుకుంటున్నాను. ఒకరు ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) వేయమన్నారు, ఇంకొకరు ముందు కోర్టులో వారసత్వ సర్టిఫికెట్ తెచ్చుకోమన్నారు. తెలిసినాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు ఇస్తానంటున్నారు. హామీగా నా వాటాకు అమ్మకం అగ్రిమెంటు రాయమంటున్నారు. బ్యాంకులో 1,90,000 ఎఫ్‌డీ ఉంది, అదీ తీయాలా? ఏ కేసు వేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అగ్రిమెంటు మాట దాకా బాగానే చదివాను. అక్కడ ఆగిపోయాను. అన్నయ్య ఇంకా ఇవ్వని పొలాన్ని మీరు అప్పుడే ఇంకొకరికి రాసిచ్చేస్తున్నారు. కోనసీమ నుంచి ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి కాబట్టే దీనికి జవాబు రాస్తున్నాను. రావాల్సిన భాగాన్ని చేతిలో ఉన్న డబ్బులా లెక్కేసుకుని అప్పు చేయడం మనవైపు బాగా అలవాటైపోయింది.

లెక్క చూద్దాం. అమ్మ, అన్నయ్య, మీరు ముగ్గురూ సమాన వారసులు. మీ వాటా మూడో వంతు, అంటే 60 సెంట్లు, మన లెక్కలో ఆరు కుంచాలు. దాని మీద కౌలు ఏడాదికి 15 బస్తాలు. బస్తా 1,700 వేసుకుంటే 25,500 రూపాయలు. మీరు తెద్దామనుకుంటున్న 3 లక్షలకు వడ్డీ నెలకు 6,000, ఏడాదికి 72,000. మీ వాటానే కాదు, ఎకరా 80 సెంట్లూ మీకే వచ్చినా కౌలు 76,500. మొత్తం పొలం పండించేది వడ్డీకే సరిపోతే ఇక ఎవరి మీద గెలిచినట్టు?

మా మేనత్తది ఇలాంటి గొడవే. ఆవిడ బీరువాలో కాలికో బైండు పుస్తకం ఒకటి ఉండేది. ఎడమ పేజీలో వాయిదా తేదీలు, కుడి పేజీలో సార్వా, దాళ్వా మాసూళ్లకు కట్టిన వడ్డీలు. ఎడమ పేజీ కంటే కుడి పేజీయే ముందు నిండిపోయింది. భాగం వస్తుందని ప్రిలిమినరీ డిక్రీ, అంటే మొదటి తీర్పు వచ్చింది. ఆ తర్వాత పొలాన్ని హద్దులతో పంచే ఫైనల్ డిక్రీకి మళ్లీ పిటిషన్, కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్ రావడం, సర్వేయరు గొలుసు పట్టడం. హద్దురాళ్లు పాతేనాటికి ఆవిడ తన భాగాన్ని అప్పిచ్చినాయనకే రాసిచ్చేసింది.

ఇక ఏ కేసు అన్న సంగతి. విడిగా ఇంజంక్షన్ దావా మీకు పనికిరాదు. అది స్వాధీనంలో ఉన్నవాళ్లు దాన్ని కాపాడుకోవడానికి వేసేది. పొలం అన్నయ్య చేతిలో ఉంది, పైగా ఆయన కూడా హక్కుదారే. కోర్టు ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్ బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావాల్సిన బాకీల లాంటి వాటికే, పొలానికి కాదు. మీరు వేయాల్సింది భాగ పంపిణీ దావా. భూమి ఎక్కడుంటే అక్కడి కోర్టులోనే, కాకినాడలో కాదు. అమ్మను కూడా ప్రతివాదిగా చేర్చాలి. నాన్నగారి పేర ఇంకేమైనా స్థలం, దొడ్డి ఉంటే అదీ చూపించాలి. ఒకరిని వదిలేసినా, ఒక ఆస్తి దాచినా అక్కడే పట్టుకుంటారు. అన్నయ్య అమ్మేయకుండా మధ్యంతర ఉత్తర్వు, ఇన్నేళ్ల కౌలులో మీ వాటా రెండూ ఇదే దావాలో అడగొచ్చు. దావా నడుస్తుండగా ఎవరు కొన్నా తీర్పుకు కట్టుబడాల్సిందే. అది మీకు రక్షణే. అయితే అప్పటిదాకా మీ వాటా కొనడానికి సరైన బేరగాడు రాడు, దాని మీద బ్యాంకు అప్పూ పుట్టదు. అందుకే ఆ పొలాన్ని మీ డబ్బు లెక్కలో వేసుకోవద్దంటున్నాను. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నట్టు రాస్తే కోర్టు ఫీజు స్వల్పం, మిమ్మల్ని పూర్తిగా బయటపెట్టారంటే వాటా విలువను బట్టి కట్టాలి. ప్లెయింటులో (దావా పత్రంలో) ఆ వాక్యం ఎలా రాస్తున్నారో సంతకం పెట్టేముందు వకీలుగారిని అడగండి.

అన్నయ్య మాటకు భయపడకండి. అందరూ హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ గురించి మాట్లాడతారు గానీ, తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే కూతురికి సమాన వాటా 1956 నాటి అసలు చట్టంలోనే ఉంది. కట్నం ఇచ్చినంత మాత్రాన అది పోదు. మీరు రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టకపోతే చాలు. పాస్ పుస్తకం ఆయన పేరుకు మారినా హక్కు మారదు, అయినా తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. అమ్మ తన వాటా అన్నయ్యకు రాస్తే అది ఆవిడ ఇష్టం.

అసలు 3 లక్షలు దేనికి? 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం ఉంది. వకీలుతో పాటు కోర్టు ఫీజు కూడా అందులోకే వస్తుంది. న్యాయ సేవల సంస్థ నంబరు 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. దావా కంటే ముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టమని వాళ్లనే అడగండి. అన్నయ్య వచ్చి కూర్చుంటే అక్కడిచ్చే అవార్డుకు (రాజీ తీర్పుకు) కోర్టు డిక్రీతో సమాన విలువ, అప్పీలు ఉండదు. ఊళ్లో పెద్దమనుషుల్లో పెట్టి తెల్లకాగితం మీద రాసుకునేదానికి ఆ బలం లేదు.

ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి. అది కోర్టు డబ్బు కాదు, మీ ఇంటి అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చుకు 1,92,000 కావాలి, మీకు రెండు వేలే తక్కువ. ఆ రెండు వేలు ఈ నెలలోనే వేసేయండి. ‘మావారిది ప్రైవేటు ఉద్యోగం’ అని మీరే రాశారు. దావా మధ్యలో ఆ ఉద్యోగం పోతే ఇంటద్దె ఎవరు కడతారు? అన్నయ్య విసిరే మొదటి రాజీ బేరానికి తల ఊపేది అలాంటప్పుడే. చేతిలో ఆరు నెలల తిండి ఉన్నవాళ్లే వాయిదాలకు తట్టుకుంటారు. వాయిదాల ఖర్చు వేరే పెట్టుకోండి: యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా బస్సు ఛార్జీలు, జిరాక్సులు, నకళ్లు. నెలకు రెండు వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే సరిపోతుంది. మీవారికి టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే తీసుకోండి. తప్పనిసరైతే బ్యాంకులో కొద్దిగా బంగారం తాకట్టు పెట్టుకోవచ్చు, అంతే.

ఈ వారం నాన్నగారి దస్తావేజు నకలు, ఈసీ (పొలం లావాదేవీల ధ్రువపత్రం), 1బి, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు, మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఒక ఫైలులో పెట్టండి. రెండు రూపాయల వడ్డీ ఆయనకు వద్దని చెప్పే ఫోను మాత్రం ఈరోజే. ఖాళీ ప్రామిసరీ నోటు మీద ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే ముందు అది వెనక్కి తెచ్చుకోండి.