పచ్చళ్ళ కంపెనీలో కంటెంట్ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నువ్వు పంపిన పోస్టులు, వెబ్‌సైట్ పేజీ, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ చదివాను. భాషలో తప్పుల్లేవు, వాక్యం ఎక్కడా కుంటుపడలేదు. కానీ అన్నీ చదివాక కూడా మీ పచ్చళ్ళ గురించి నాకు ఒక్క కొత్త సంగతి తెలియలేదు. "ఎంత దిద్దినా మెషీన్ రాసినట్టే ఉంటోంది, మనిషి రాసినట్టు ఎలా రాయాలి?" అని అడిగావు. నీ శైలిని ఇప్పుడే మార్చొద్దు. ముందు పచ్చళ్ళు కలిపే గదిలోకి వెళ్ళు. నువ్వు రాసినవన్నీ ఆఫీసులో కూర్చుని రాసినవని చదవగానే తెలిసిపోతోంది.

నీ వాక్యాలే మళ్ళీ ఒకసారి చూడు:

"నేటి ఉరుకుల పరుగుల జీవితంలో అమ్మ చేతి రుచిని మిస్ అవుతున్నారా? తరతరాల సంప్రదాయంతో, నాణ్యమైన పదార్థాలతో, ప్రేమతో తయారుచేయబడిన మా ఆవకాయ ఇప్పుడు మీ ఇంటికే!"

మీ కంపెనీ పేరు తీసేసి విజయవాడలో మరే పచ్చళ్ళ కంపెనీ పేరు పెట్టినా ఇది సరిపోతుంది. ఆవకాయ తీసేసి సున్నుండలని రాసినా సరిపోతుంది, నెయ్యి అని రాసినా సరిపోతుంది. ఇలాంటి మాటల్ని జనం ఎన్నిసార్లు చూశారంటే, మొదటి రెండు పదాలు కనపడగానే వేలు దానంతటదే స్క్రీన్‌ని పైకి తోసేస్తుంది. వాళ్ళకి ఓపిక తగ్గిపోయిందని మార్కెటింగ్ వాళ్ళు అంటుంటారు, నేను ఒప్పుకోను. మామిడికాయ ముక్క మెత్తబడకుండా ఏం చెయ్యాలో ఎవరైనా సరిగ్గా చెబితే ఎంత పొడుగున్నా చివరిదాకా చదివేవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు.

ఇంకో సంగతి. స్వచ్ఛమైన, సహజమైన, అసలైన, సంప్రదాయ అనే మాటల్ని నువ్వు ధారాళంగా వాడుతున్నావు. ఆహార పదార్థాల ప్రకటనల మీద, సరుకు గురించి గొప్పగా చెప్పుకునే మాటల (క్లెయిముల) మీద, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో నిబంధనలు తెచ్చింది. కొనేవాళ్ళని తప్పుదారి పట్టించేలా ఇలాంటి మాటలు వాడకూడదని వాటిలో ఉంది. మీ ఓనర్‌గారితో కూర్చుని అవి చదువు. ఏ మాట వెనక ఏ ఆధారం ఉందో చూపించలేకపోతే ఆ మాట కొట్టెయ్. కొట్టేశాక వాక్యంలో ఏమీ మిగల్లేదా, అక్కడ చెప్పడానికి మొదట్నించీ ఏమీ లేదన్నమాట.

కంటెంట్ మార్కెటింగ్, అంటే చదివేవాళ్ళకి పనికొచ్చేది రాసి సరుకుని పరిచయం చెయ్యడం, ఇప్పుడు పుట్టిన పని అనుకుంటున్నావేమో. అమెరికాలో జాన్ డీర్ అనే వ్యవసాయ పనిముట్ల కంపెనీ 1895లో ది ఫరో అని రైతుల కోసం ఒక పత్రిక మొదలుపెట్టింది. అది ఇవాళ్టికీ వస్తోంది. తమ పనిముట్లు ఎంత గొప్పవో చెప్పుకోవడం కన్నా సేద్యం ఎలా బాగుపడుతుందో చెప్పడం మీదే దాని దృష్టి, అందుకే రైతులు చదివారు. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి సంగతి చూడు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు ఆ మందు ఎవరికీ తెలియదు. సంగీత సభలకి వెళ్ళి ఊరికే పంచిపెట్టారు. తలనొప్పి తగ్గుతుందో లేదో రాసుకున్నవాళ్ళకే తెలుస్తుంది కదా! ఆ తర్వాత ఆయనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. అక్షరం విలువ అంత తెలిసిన మనిషి కూడా సరుకుని ముందు జనం చేతిలో పెట్టారు. నీ రాత కూడా ఆ చిన్న డబ్బా చేసిన పని చెయ్యాలి. చదివినవాళ్ళకి ఏదో ఒకటి అక్కడికక్కడే ఉపయోగపడాలి, వాళ్ళు మీ దగ్గర కొన్నా కొనకపోయినా.

ఆ ఉపయోగపడే సంగతులు ఎక్కడ దొరుకుతాయో చెబుతాను. మీ దగ్గర మామిడికాయ లోడు దిగే రోజున పొద్దున్నే వెళ్ళు. ఫోన్ బ్యాగులోనే ఉంచి, ఒక నోటుపుస్తకం తీసుకెళ్ళు. ఏ రకం కాయ తెప్పిస్తున్నారు, ఏ ఊరి తోటల నుంచి, అదే రకం ఎందుకు అని అడుగు. పులుపు చాలకపోతే ఏం చేస్తారు? ముక్కకి టెంక అంటుకుని ఉండేలా కొట్టడానికి ఎలాంటి కత్తి వాడుతున్నారు, జీడి తీశాక లోపలి పొర ఎవరు తీస్తున్నారు, తడి లేకుండా ఎన్నిసార్లు తుడుస్తున్నారు? ఆవాలు ఎండబెట్టి ఎక్కడ పొడి కొట్టిస్తున్నారు, పిండి చేదెక్కకుండా ఏం జాగ్రత్త తీసుకుంటున్నారు? కారంలో తేజ మిర్చి ఎంత, బ్యాడిగి మిర్చి ఎంత? ఘాటు కోసం ఒకటి, రంగు కోసం ఒకటి కలుపుతారు కదా, ఆ పాళ్ళు ఎవరు తేలుస్తారు? నువ్వుల నూనా, వేరుశనగ నూనా? మూడోరోజు తిరగకలిపేటప్పుడు ఉప్పు చూసేది ఎవరు? ఆవిడ నాలుక మీద వేసుకుని ఏమంటుంది?

ఆవిడ అన్న మాటని అన్నట్టే రాసుకో. అక్కడ కూర్చుని పనిచేసే ఆడవాళ్ళ మాటల్లో నీకు కావలసిన తెలుగంతా ఉంది. "ముక్కకి పిండి పట్టలేదు, ఇంకో చెయ్యి వెయ్యి" అని ఒకావిడ ఇంకొకావిడతో అంటుంది. ఆ మాట "నాణ్యతా ప్రమాణాలను ఖచ్చితంగా పాటిస్తాము" అనేదానికన్నా ఎంత నమ్మకం కలిగిస్తుందో చూడు. అయితే వాళ్ళ ఫొటో గానీ పేరు గానీ పెట్టేముందు అడగాలి. అడగడమంటే ఓనర్ ఎదురుగా నిలబెట్టి అడగడం కాదు. ఎక్కడ కనపడుతుందో, ఎవరు చూస్తారో చెప్పి, వద్దంటే ఇబ్బంది లేదని చెప్పి అడగాలి. వాళ్ళు వద్దంటే పేరు లేకుండా వాళ్ళ పనిని రాయి.

తర్వాత ఆర్డర్ల ఫోన్ ఎత్తే అబ్బాయి పక్కన కూర్చో. నీ మొత్తం ఏడాది కంటెంట్ అతని దగ్గరుంది. పిల్లలు తినగలిగేంత కారమేనా? వెల్లుల్లి లేనిది దొరుకుతుందా? డాలస్ పంపిస్తే దారిలో నూనె కారుతుందా? ఫ్రిజ్‌లో పెట్టాలా, బయటుంచాలా? పైకి నూనె తేలలేదేంటి? మా తెలంగాణలో చేసినట్టు అల్లం వెల్లుల్లి వేసింది చేస్తారా? ఈ ఒక్కొక్క ప్రశ్నా ఒక పోస్టు. జనం గూగుల్‌లో వెతికేది కూడా ఇవే. మీ డిజిటల్ మార్కెటింగ్ వాళ్ళు కీవర్డ్ లిస్టు (గూగుల్‌లో జనం కొట్టే మాటల జాబితా) పంపి "బెస్ట్ ఆవకాయ ఆన్‌లైన్" అని పేరాకోసారి దూర్చమంటే, ఆ లిస్టు పక్కన ఈ ప్రశ్నల లిస్టు పెట్టి చూపించు.

నీ పోస్టుని నేనైతే ఇలా మొదలుపెడతాను. ఇందులోని ప్రతి సంగతీ మీ దగ్గర నిజమని తేల్చుకున్నాకే వాడుకో:

"కొత్తావకాయ నిన్ననే సీసాలకెత్తాం. ఇప్పుడే తింటే ఉప్పు కాస్త ఎక్కువైనట్టు అనిపిస్తుంది. ముక్క ఇంకా ఊరలేదు. ఉప్పూ కారం లోపలికి పట్టడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఆగగలిగితే ఆగండి. ఆగలేకపోతే వేడన్నంలో నెయ్యి కొంచెం ఎక్కువ వేసుకోండి."

ఇందులో ప్రేమ, సంప్రదాయం, అమ్మ అనే మాటలు లేవు. సరుకు గురించి ఒక లోపంలా కనపడే నిజాన్ని ముందే చెప్పేశాం. ఓనర్‌గారు భయపడతారు, ఉప్పెక్కువ అని మనమే చెప్పడమేంటని. ఆయనకి నిదానంగా చెప్పు. సీసా విప్పాక వాళ్ళకెలాగూ తెలుస్తుంది. ముందే చెబితే మనం తెలిసినవాళ్ళమవుతాం, చెప్పకపోతే దాచినవాళ్ళమవుతాం. ఇకమీద మనం మంచిదని చెప్పినదాన్ని నమ్మాలా వద్దా అన్నది వాళ్ళు ఆ రోజే తేల్చుకుంటారు.

మనిషి గొంతు కావాలని కొందరు "హాయ్ ఫ్రెండ్స్" అని మొదలుపెట్టి వాక్యానికో ఎమోజీ అతికిస్తారు. ఇంకొందరు లేని బామ్మని పుట్టించి, ఆవిడ చేతిలో జాడీ పెట్టి కథ అల్లుతారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. మీ ఓనర్‌గారు పచ్చళ్ళు నేర్చుకున్నది హోల్‌సేల్ వ్యాపారంలో అయితే అదే రాయి. ఏ మార్కెట్లో తిరిగారు, ఏ సీజన్లో నష్టపోయారు, ఎందుకు వదిలెయ్యలేదు అన్నది బామ్మ కథకన్నా ఆసక్తిగా చదువుతారు. గుంటూరు మిర్చి యార్డులో ధర ఎక్కినప్పుడు మీ సీసా ధర ఎందుకు పెరిగిందో లెక్కతో సహా చెప్పు. ధర పెంచినప్పుడు దాక్కునే కంపెనీలే ఎక్కువ. చెప్పిన కంపెనీని జనం గుర్తుపెట్టుకుంటారు.

పండగ శుభాకాంక్షల పోస్టర్లు మానెయ్యమని నా సలహా. తోరణం బొమ్మ, మూలన లోగో, కింద ఫోన్ నంబర్. అలాంటివి ఉగాదినాడు అందరి ఫోన్లలో కుప్పలుగా పడతాయి. ఆ టైమ్ మిగుల్చుకో.

మిగిలిన టైమ్ ఫిర్యాదుల జవాబులకి పెట్టు. మీ ఆఫీసులో వీటిని ఎవరూ రాతగా లెక్కపెట్టరు, నేను మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైన రాత ఇదేనంటాను. నువ్వు పంపినవాటిలో ఒకావిడ మెసేజ్ ఉంది. పార్సిల్ విప్పేసరికి నూనె కారి అట్టపెట్టంతా తడిసిందని, ప్రయాణమవుతున్న వాళ్ళ అబ్బాయి కోసం తెప్పించానని రాసింది. దానికి వెళ్ళిన జవాబు: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ ఫిర్యాదు సంబంధిత విభాగానికి పంపబడింది." మీ ఆఫీసంటే ఉన్నదే ఒక గది, సంబంధిత విభాగం ఎక్కడుంది తల్లీ? ఆవిడకి కావలసింది ఇది:

"అమ్మా, ఫొటో చూశాం. మూత సరిగ్గా బిగించలేదు, తప్పు మాదే. కొత్త సీసా ఇవాళే కొరియర్‌లో వేస్తున్నాం, డబ్బులేమీ కట్టక్కర్లేదు. పాతది దయచేసి వాడకండి. నూనె కారిపోయింది కాబట్టి పై ముక్కలకి గాలి తగిలి ఉంటుంది. బాబు ఎప్పుడు బయల్దేరుతున్నాడో చెబితే ఆలోపు అందేలా చూస్తాం."

ఏం జరిగింది, ఎవరిది తప్పు, ఇప్పుడేం చేస్తున్నాం, మీరేం చెయ్యాలి, అన్నీ ఉన్నాయి. అబ్బాయి సంగతి ఆవిడ చెప్పింది, మనం విన్నామని కూడా ఉంది. "పంపబడింది" అని రాస్తే పంపినవాళ్ళు మాయమైపోతారు. "పంపుతున్నాం" అని రాస్తే మాట మన మీద పడుతుంది. పడాలి కూడా. అయితే ఇవాళ కొరియర్‌లో వేస్తామని రాస్తే ఇవాళ వెయ్యాలి. ప్యాకింగ్ వాళ్ళతో మాట్లాడకుండా ఈ వాక్యం రాయొద్దు.

చాట్‌జీపీటీ వాడొచ్చా అని అడిగావు. రాసినదాన్ని కుదించడానికో, అక్షరదోషాలు వెతకడానికో వాడుకో. మొదటి చిత్తుప్రతి మాత్రం దానితో రాయించకు. మీ గదిలో ఉప్పు చూసే ఆవిడ దానికి తెలియదు. నువ్వు చెప్పకపోతే అందరికీ ఇచ్చేదే నీకూ ఇస్తుంది. నోటుపుస్తకం నిండాక దానితో ఏం చేసినా పెద్ద ప్రమాదం లేదు. ఖాళీ పుస్తకంతో దాని దగ్గరికి వెళితే మళ్ళీ ఉరుకుల పరుగుల జీవితం దగ్గరికే వస్తావు.

రోజుకో పోస్టు కావాలని ఓనర్‌గారు పట్టుబడుతున్నారని రాశావు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది, ఉద్యోగం కొత్త, ఎదురు చెప్పడం కష్టం. ఎదురు చెప్పకు. ఈ సీజన్ వరకు వారానికి రెండే రాస్తానని, మిగతా రోజులు గదిలోనూ ఫోన్ దగ్గరా కూర్చుంటానని అడుగు. ఎన్ని లైకులొచ్చాయో ఎలాగూ ఆయన చూస్తారు. పోస్టు చదివి ఫోన్ చేసినవాళ్ళు ఏం అడిగారో నువ్వు రాసిపెట్టు. నెల తిరిగాక రెండూ పక్కపక్కన పెట్టి ఆయన్నే చూడమను.

సోమవారం కాయ దిగుతుందన్నావు. ఆ రోజు నోటుపుస్తకంలో రాసుకున్నది దిద్దకుండా, వాక్యాలుగా మార్చకుండా, ఉన్నదున్నట్టు నాకు ఫొటో తీసి పంపించు. ఏ సంగతితో పోస్టు మొదలుపెట్టాలో ఆ పేజీలు చూసి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ