న్యూరెంబర్గ్‌లో ఒక్క రోజు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మ్యూనిక్ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి రావాలి. నలుగురం పెద్దవాళ్లం, ఐదేళ్ల పాప. ఏ టికెట్ తీసుకోవాలి?

జవాబు: బయర్న్ టికెట్, అంటే బవేరియా రాష్ట్రమంతా ప్రాంతీయ రైళ్లలో తిరిగే ఒకరోజు టికెట్. ఒకే టికెట్ మీద ఐదుగురి వరకు వెళ్లవచ్చు. ఆరేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు కాబట్టి నలుగురికి తీసుకుంటే చాలు. ప్రయాణించే అందరి పేర్లూ టికెట్ మీద రాయాలి. న్యూరెంబర్గ్‌లో దిగాక మెట్రో, ట్రామ్, బస్సులకూ అదే చెల్లుతుంది, వేరే టికెట్ కొనకండి.

జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఈ టికెట్ ఉదయం తొమ్మిదింటి నుంచే చెల్లుతుంది. ఎనిమిదీ యాభైకి రైలెక్కితే మీరు టికెట్ లేని ప్రయాణికులే, మనిషికి 60 యూరోల జరిమానా. శని, ఆదివారాల్లోనూ, బవేరియా అంతటా సెలవున్న రోజుల్లోనూ ఈ అడ్డు లేదు. ఏ రోజైనా గడువు మర్నాడు తెల్లవారుజామున మూడింటి వరకు. రెండోది, ఐసీఈ అనే హైస్పీడ్ రైళ్లలో ఇది పనికిరాదు, ప్రాంతీయ రైళ్లే ఎక్కాలి. వాటిలో ఇంగోల్‌స్టాట్ మీదుగా వెళ్లే మ్యూనిక్–న్యూరెంబర్గ్ ఎక్స్‌ప్రెస్‌నే పట్టుకోండి. 2006లో తెరిచిన హైస్పీడ్ లైను మీద నడుస్తుంది కాబట్టి సుమారు గంటా నలభై అయిదు నిమిషాల్లో చేరుస్తుంది. అయితే దాదాపు రెండు గంటలకొకటే ఉంటుంది. అది తప్పితే చుట్టుదారి రైళ్లలో పూట గడిచిపోతుంది.

ఐసీఈ అయితే గంట, గంటా పది నిమిషాలు. ముందుగా చవగ్గా కొన్న టికెట్ ఆ ఒక్క రైలుకే కట్టుబడి ఉంటుంది. గమ్యం చేరేసరికి 20 నిమిషాలకు మించి ఆలస్యమయ్యేలా ఉంటేనే ఆ కట్టు వీడి, వేరే రైలెక్కవచ్చు. మీలో ఎవరి దగ్గరైనా డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లకు చెల్లే నెలవారీ పాస్) ఉంటే వాళ్లను లెక్కలోంచి తీసేయండి. దానికి తొమ్మిది గంటల నిబంధన కూడా లేదు.

ప్రశ్న: ఊళ్లో ఏ వరసలో తిరగాలి? పాపకు తోపుడుబండి ఉంది.

జవాబు: మధ్యాహ్నం పన్నెండుకు హౌప్ట్‌మార్క్ట్ చౌకులో ఉండాలి. ముందు ఇది ఖాయం చేసుకుని మిగతాదంతా దాని చుట్టూ అమర్చుకోండి. అక్కడి ఫ్రావెన్‌కిర్ఖ చర్చి ముఖభాగాన 1509లో పూర్తయిన గడియారం ఉంది. రోజూ సరిగ్గా పన్నెండుకు ఏడుగురు ఎలెక్టర్ల (చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ప్రభువుల) బొమ్మలు బయటికొచ్చి, కూర్చున్న నాలుగో చార్లెస్ చక్రవర్తి చుట్టూ మూడుసార్లు తిరుగుతాయి. చక్రవర్తిని ఎన్నుకునే పద్ధతిని ఖరారు చేసిన 1356 నాటి గోల్డెన్ బుల్ శాసనానికి అది గుర్తు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, మళ్లీ మర్నాడే. పైనున్న నీలం, బంగారు రంగుల గోళం చంద్రకళలు చూపిస్తుంది, చాలామంది దాన్ని గమనించరు. ఈ చౌకు అందానికి ఒక చీకటి పునాది కూడా ఉంది. ఇది ఒకప్పటి యూదుల పేట. 1349లో వాళ్లను ఊచకోత కోసి, సినగాగ్‌ను పడగొట్టి, ఆ స్థలంలోనే ఈ చర్చి కట్టారు.

తోపుడుబండితో హౌప్ట్‌మార్క్ట్ నుంచి కోటకు ఎక్కడం చేతుల నొప్పి, అంతా రాళ్లు పరిచిన నిటారు దారి. శని, ఆదివారాల్లో పెందలాడే వస్తారు కాబట్టి స్టేషన్ నుంచి మెట్రోలో ప్లెరర్‌కు, అక్కణ్నుంచి 4వ నంబరు ట్రామ్‌లో టియర్‌గెర్ట్‌నర్‌టోర్‌కు వెళ్లండి. ముందు కోట చూసి, దిగుతూ పన్నెండుకు చౌకు చేరుకోవచ్చు. మామూలు రోజుల్లో పదకొండుకి గానీ దిగరు. అప్పుడు స్టేషన్ నుంచి నేరుగా నడవండి, పావుగంట. దారిలో లోరెంజ్ చర్చి వస్తుంది. గడియారం చూశాక కోటకు ట్రామ్‌లోనే వెళ్లండి.

కోట ఏప్రిల్ నుంచి అక్టోబర్ 3 వరకు తొమ్మిది నుంచి ఆరు దాకా, మిగతా కాలమంతా పది నుంచి నాలుగు దాకా. ఆవరణకూ, ఊరంతా కనిపించే ఫ్రైయుంగ్ తిన్నెకూ డబ్బు కట్టక్కర్లేదు. టికెట్ కొంటే మాత్రం లోతుబావిని వదలకండి. సుమారు 50 మీటర్ల రాతిబావి. గైడు నీళ్లు పోసి అడుగున పడే చప్పుడు వినిపిస్తారు, దీపాలు కిందికి దించి చూపిస్తారు. పాపకు ఊళ్లో అన్నిటికంటే ఇదే నచ్చవచ్చు.

ప్రశ్న: డ్యూరర్ ఇల్లు, జర్మానిక్ మ్యూజియం, న్యూరెంబర్గ్ విచారణలు జరిగిన కోర్టు గది, నాజీ సభాస్థలి. నాలుగూ ఒక్క రోజులో అవుతాయా?

జవాబు: కావు. పాత ఊరితో పాటు వీటిలో ఒక్కటే పెట్టుకోండి. ఏదన్నది వారాన్ని బట్టి తేలుతుంది. సోమవారం జర్మానిక్ మ్యూజియం మూత, డ్యూరర్ ఇల్లూ సాధారణంగా మూతే. మంగళవారం కోర్టు గది ఉండదు.

చిత్రకారుడు ఆల్‌బ్రెఖ్ట్ డ్యూరర్ 1509 నుంచి 1528లో చనిపోయేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఇల్లు చూడదగ్గదే కానీ ఆయన అసలు తైలచిత్రాల కోసం వెళితే నిరాశే. 1500 నాటి స్వీయచిత్రం, 1526 నాటి నలుగురు అపొస్తలుల చిత్రం రెండూ మ్యూనిక్‌లోని ఆల్టె పినకోటెక్‌వి. అంటే మీ ఊళ్లోనే ఉన్నాయి!

మా ఓటు 600వ నంబరు కోర్టు గదికి. 1945 నవంబర్ 20 నుంచి 1946 అక్టోబర్ 1 వరకు నాజీ ప్రముఖుల మీద విచారణ జరిగింది అక్కడే. స్టేషన్ నుంచి యు1 మెట్రోలో ఫ్యూర్త్ వైపు వెళ్లి బేరెన్‌షాంజ్‌లో దిగాలి. పై అంతస్తులోని ప్రదర్శనతో కలిపి రెండు గంటలు కావాలి. సభాస్థలి ఊరికి ఆగ్నేయంగా విశాలంగా పరుచుకుని ఉంది. దానికి ఒక పూట కేటాయించలేకపోతే ఇంకో ప్రయాణానికి ఉంచుకోండి.

ప్రశ్న: యుద్ధంలో ఊరంతా నేలమట్టమైందంటారు. మరి చూసేదంతా కొత్తగా కట్టిందేనా?

జవాబు: చాలావరకు అంతే. 1945 జనవరి 2 రాత్రి బాంబుదాడిలో పాత ఊరు సుమారు 90 శాతం నాశనమైంది. పాత రాళ్లతో, పాత వీధుల గీతల మీదే తిరిగి కట్టారు. సెబాల్డ్ చర్చి లోపల శిథిలాల ఫొటోలున్నాయి. ముందు అవి చూసి తలెత్తితే ఆ పని ఎంతటిదో తెలుస్తుంది. కర్ర చట్రాల పాత ఇళ్లు వరసగా మిగిలింది వైస్‌గెర్బర్‌గాస్సె వీధిలో.

అసలైన పనితనం కావాలంటే లోరెంజ్ చర్చికి వెళ్లండి. ఫైట్ ష్టోస్ 1518లో చెక్కిన దేవదూత సందేశ శిల్పం గర్భభాగం కప్పు నుంచి వేలాడుతూ ఉంటుంది. 1817లో తెగిపడి ముక్కలైతే అతికించారు. యుద్ధమప్పుడు కోటకొండ కింది బంకర్‌లో దాచారు కాబట్టి బతికింది. పక్కనే ఆడమ్ క్రాఫ్ట్ చెక్కిన దాదాపు 20 మీటర్ల రాతి మందసం, ప్రార్థనలోని పవిత్ర రొట్టెను ఉంచే గోపురంలాంటి కట్టడం. దాని అడుగున మోకాళ్ల మీద కూర్చుని బరువు మోస్తున్నది శిల్పే. ఆదివారం ఉదయం ప్రార్థనల సమయంలో సందర్శకులను రానివ్వరు, మధ్యాహ్నం వెళ్లండి.

ప్రశ్న: శాకాహారులం. తినడానికి ఏం దొరుకుతుంది?

జవాబు: ఊరి పేరుతో ప్రసిద్ధమైన వేలెడంత సాసేజ్ పంది మాంసం, కాబట్టి అది పోయినట్టే. హోటళ్లలో కేజెష్‌పెట్స్‌లె అడగండి. గోధుమపిండి, గుడ్డుతో చేసిన ముద్దల మీద చీజ్, వేయించిన ఉల్లిపాయ వేస్తారు. ‘వెగెటారిష్’ అంటే గుడ్డు ఉండవచ్చు, గుడ్డూ పాలూ వద్దంటే ‘వేగాన్’ అని అడగాలి. పులియబెట్టిన క్యాబేజీ శాకాహారమే అనుకుంటారు కానీ తరచూ పంది కొవ్వుతో వండుతారు, అడక్కుండా తినకండి. ఎలీజెన్ లేబ్‌కూఖెన్ అనే మసాలా తీపి బిస్కట్టులో పిండి పది శాతానికి మించదు, గింజపప్పులు కనీసం పాతిక శాతం ఉంటాయి. అయితే గుడ్డు పడుతుంది. ఆదివారం దుకాణాలన్నీ మూతే, స్టేషన్‌లోపలివి తప్ప.

ప్రశ్న: డిసెంబర్‌లో క్రిస్మస్ సంతకు వెళితే?

జవాబు: తొలి అడ్వెంట్ ఆదివారానికి (క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిదానికి) ముందు శుక్రవారం మొదలై డిసెంబర్ 24 దాకా సాగుతుంది, చివరి రోజు మధ్యాహ్నానికే ముగుస్తుంది. సోమవారం నుంచి గురువారం లోపు వెళ్లండి. శనివారం మధ్యాహ్నం తోపుడుబండి అంగుళం కదలదు, గడియారం ముందు నిలబడే చోటూ దొరకదు. అప్పుడు కోట నాలుగింటికే మూస్తారు, చీకటీ అప్పుడే పడుతుంది. అందుకని పగలు కోట, సాయంత్రం సంత. వేడి పానీయం కప్పుకు విడిగా డిపాజిట్ తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే ఇచ్చేస్తారు. రాత్రి ఆఖరి రైలు మీద ఆశ పెట్టుకోకుండా దానికి ముందుదానికి బయల్దేరండి. సంత రోజుల్లో ప్రాంతీయ రైళ్లలో కూర్చోవడానికి చోటు దొరకడమే కష్టం, తోపుడుబండి మడిచి పెట్టుకోవాల్సి రావచ్చు.